తిరుగు తేదీ లేని ఫారం

లోపమట! ఎర్ర ఇంకుతో రాసినంత మాత్రాన ఏదైనా లోపమైపోతుందా? ఇప్పుడే ఫోను పెట్టేశాను. పెట్టేశాను అనడం మర్యాద, నిజానికి విసిరికొట్టాను. అవతల ఉన్నది మా తెనాలి కుర్రాడు. నాలుగేళ్లు ఒకే క్లాసు, ఆఖరేడు ఒకే ప్రాజెక్టు టీము. కాలేజీ అయిపోయింది, ఉద్యోగాలొచ్చాయి, ఊళ్లు మారాయి. అయినా ఆదివారం పొద్దున ఫోను చేసుకుంటే పది నిమిషాలు గడవకుండా మాట ఆ ఎర్ర ఇంకు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

"ఆ రోజు నువ్వు కాస్త తగ్గుంటే మనకి ఫస్టు రివ్యూలో ఫుల్ మార్కులు. ఒక్క పెట్టె. ఒకే ఒక్క ఖాళీ పెట్టె. ఉంచితే ఏం పోయేది?" అంటాడు.

ఏం పోయేదో వాడు కళ్లారా చూశాడు. నా పక్కనే నిలబడి చూశాడు. చూసి కూడా అంటాడు. ఫోన్లో చెబుదామంటే సగంలో నాకే కోపం వచ్చేస్తుంది. అందుకే కాయితం మీద పెడుతున్నాను. కాయితం మధ్యలో అడ్డం రాదు.

నేను పెరిగింది హైదరాబాదులో. నాన్నది టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం. మా వీధిలో మొదటి ఫోను మాదే. నాకు మాటలూ రిసీవరూ ఒకేసారి వచ్చాయని అమ్మ అనేది. పాలబ్బాయి రాకపోతే ఫోను, లెక్క రాకపోతే ఫోను, ఏమీ తోచకపోతే టైము చెప్పే నంబరుకి ఫోను. ఎంట్రన్సులో వచ్చిన ర్యాంకు తీసుకెళ్లి నన్ను బాపట్లలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పడేసింది. హాస్టల్లో అరవై మంది అమ్మాయిలకి కలిపి ఒక్కటే ఫోను, అది కూడా వార్డెన్ గదిలో, తాళం వేసిన పెట్టెలో. ఆ రోజే సామాను సర్దుకుని తెనాలిలో పిన్ని ఇంటికి వచ్చేశాను. రోజూ ప్యాసింజర్లో బాపట్ల వెళ్లి రావడం నయమనిపించింది. పిన్ని ఇంట్లో ఫోనుకి పది గజాల వైరు వేయించుకున్నాను. వంటింట్లో, పెరట్లో, మేడ మెట్ల మీద, నేనెక్కడుంటే అదక్కడ.

"దానికి కూడా కంచం పెట్టనా అమ్మా?" అనేది పిన్ని, అన్నం వడ్డిస్తూ.

ఆఖరేడు మొదట్లో ముగ్గురు ముగ్గురుని కలిపి టీములు వేశారు. మా టీములో తెనాలి కుర్రాడు, రేపల్లె అమ్మాయి, నేను. తెనాలి కుర్రాడి నాన్నగారు బళ్లో డ్రాయింగు మాస్టారు. వీడు గీత గీస్తే స్కేలు కూడా సిగ్గుపడేది. రేపల్లె అమ్మాయి హాస్టల్లో ఉండేది. వాళ్ల నాన్న నిజాంపట్నం రేవులో మరబోటు నడిపే సరంగు. ఆ పిల్ల మాట్లాడటానికి ముందు ఒకసారి మింగేది. ఆమె మింగేలోపు నేను మూడు వాక్యాలు మాట్లాడేసేదాన్ని.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. డిపార్ట్‌మెంటు వాళ్లే ఇచ్చే ప్రాజెక్టులు కొన్ని ఉండేవి. అందరికీ తెలిసింది లైబ్రరీ ప్రాజెక్టు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు, అంతే. సీనియర్ల నుంచి సీనియర్లకి ఒకే ఫ్లాపీలో దిగుతూ వచ్చిన ప్రాజెక్టు అది. పైన పేర్లు మార్చి ప్రింటు తీయడమే మన పని. సొంత టాపిక్ తెచ్చుకుంటామంటే ఆగస్టు ఆఖరులోపు ప్లానూ డిజైనూ గీసి, రివ్యూలో గైడు సారు చేత సంతకం పెట్టించుకోవాలి. సంతకం రాకపోతే లైబ్రరీయే గతి. నాకు లైబ్రరీ అంటే ఒళ్లు మంట. నలుగురు నమిలిన చూయింగ్ గమ్ నాకెందుకు?

టాపిక్ తెచ్చింది రేపల్లె అమ్మాయే. ల్యాబు బయట చెప్పులు విడిచే చోట కూర్చుని, ఏం చేద్దాం ఏం చేద్దాం అని నేను ఊపిరి తిరగనివ్వకుండా తింటుంటే, ఒకసారి మింగి చెప్పింది.

"నా చిన్నప్పుడు తుఫానుకి మా నాన్న బోటు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిందే. ఆ నాలుగు రోజులూ ఏ బోటు వచ్చిందో ఏ బోటు రాలేదో రేవులో ఒక్కచోటా రాసి లేదు. మా అమ్మ ప్రతి గడపా ఎక్కి దిగింది."

నేను లేచి నిలబడిపోయాను. నాకు స్క్రీను కనిపించింది. సాయంత్రం కాగానే ఒక మీట నొక్కితే, రావలసి ఉండి రాని పడవలన్నీ వరసగా పడతాయి. పడవ పేరు, సరంగు, అందులో ఎంతమంది, ఎన్ని రోజులు ఆలస్యం. 'రాని పడవల జాబితా'. పేరు కూడా అక్కడే పెట్టేశాను. చెప్పుల మధ్య నిలబడి నన్ను నేనే టీము లీడర్ని చేసుకున్నాను. ఎవరూ కాదనలేదు. అనడానికి సందు దొరికి ఉండదు.

మా మీటింగులన్నీ తెనాలి స్టేషన్లోనే. సాయంత్రం బాపట్ల నుంచి కుర్రాడూ నేనూ అక్కడే దిగేవాళ్లం. శనివారాలు రేపల్లె అమ్మాయి కూడా మాతో దిగి, ఊరెళ్లే ప్యాసింజరు కోసం కాసేపు ఆగేది. సిమెంటు బెంచీ మీద చార్టు పరిచి, నాలుగు మూలలా నాలుగు చెప్పులు బరువు పెట్టి ప్లాను వేశాం. ప్రోగ్రాం రాసేది నేను. బొమ్మలు గీసేది కుర్రాడు. రేపల్లె అమ్మాయికి టైపింగు. అవును, పడవలంటే ఏంటో తెలిసిన ఒకే ఒక్క మనిషికి నేనిచ్చింది టైపింగు.

మా పాఠ్యపుస్తకంలో మొదటి రెండు వారాలూ వివరాల సేకరణకి ఇవ్వాలని ఉంది. వెళ్లి చూడాలి, పని చేసేవాళ్లతో మాట్లాడాలి, తర్వాతే గీయడం. రెండు వారాలా! నేను దాన్ని పన్నెండు నిమిషాల్లో ముగించాను. ఫోన్లో.

రేవులో పడవల సంఘానికి ఒక ఆఫీసు ఉందని, అందులో ఫోను ఉందని కనుక్కున్నాను. పిన్ని ఇంటి మెట్ల మీద కూర్చుని చేశాను. ఒక గుమస్తాగారు ఎత్తారు.

"ఏవండీ, వేటకెళ్లే బోట్ల వివరాలు మీరు రిజిస్టర్లో రాస్తారాండి?"

"రాస్తామండి. ఎవరండి మాట్లాడేది?"

"బాపట్ల నుంచండి, ఇంజనీరింగు స్టూడెంట్లమండి. ఆ ఫారంలో ఏమేం గళ్లున్నాయో కాస్త చదువుతారాండి?"

పాపం, ఓపిగ్గా చదివారు. వెనక ఎవరో పిలుస్తున్నా చదివారు. బోటు పేరు, నంబరు, సరంగు పేరు, మనుషుల సంఖ్య, బయలుదేరిన తేదీ. తొమ్మిదో గడి, 'తిరిగి రావలసిన తేదీ'. నేను మెట్ల మీద ఎగిరాను. కావలసింది అదే కదా! ఆ తేదీ దాటితే పడవ జాబితాలోకి ఎక్కుతుంది. ప్రాజెక్టు అయిపోయినట్టే.

ఆ శనివారం స్టేషన్లో చార్టు మీద తొమ్మిదో గడి చూసి రేపల్లె అమ్మాయి మింగింది.

"ఒకసారి వెళ్లి చూసొద్దామే. ఆ తేదీ గడి ఉందే, అది ఎవరూ..."

"ఫారంలో ఉందే తల్లీ. అచ్చేయించి పెట్టారు. ఫోన్లో తెలిసేదానికి బస్సెక్కడం ఎందుకు?"

 ఆమె వాక్యాన్ని నేను పూర్తి కానిచ్చి ఉంటే ఇవాళ ఇదంతా రాసే పని ఉండేది కాదు.

కుర్రాడు పచ్చ ప్లాస్టిక్ స్టెన్సిలు పెట్టి బొమ్మ గీశాడు. పడవకో పెట్టె, సరంగుకో పెట్టె, ప్రయాణానికో పెట్టె, వాటిని కలుపుతూ గీతలు. ఏ వివరం ఎక్కడ ఉండాలో, ఏది దేనితో ముడిపడి ఉందో చెప్పే బొమ్మ అది. చూస్తే ముగ్గులా ఉండేది. తిరుగు తేదీ పెట్టె కింద నేనే రెండు గీతలు కొట్టాను. అది తప్పనిసరి. అది నింపకపోతే కర్సరు ముందుకి కదలదు. వారానికి ఒక గంట దొరికే ల్యాబులో ఆ ఒక్క స్క్రీనూ ఫాక్స్‌ప్రోలో రాసి చూపించాను. తేదీ వేయకుండా మీట నొక్కితే కంప్యూటరు కీచుమని అరుస్తుంది. ల్యాబంతా తిరిగి చూసింది. ఆ అరుపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

గైడు సారు వచ్చి చూశారు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

"బావుందమ్మా. రేవుకెళ్లి చూసొచ్చారా?"

"ఫోన్లో కనుక్కున్నాం సార్."

"పెళ్లిచూపులు కూడా ఫోన్లోనే చేసుకుంటావా? సోమవారం రివ్యూ. నిజం బోట్లు పది, ప్రతి గడీ నింపి పట్రా. అప్పుడు చూద్దాం."

కాబట్టి శనివారం వెళ్లక తప్పలేదు.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజరు ఎక్కిన వాళ్లకి నా బాధ చెప్పక్కర్లేదు. కనిపించిన ప్రతి స్టేషన్లోనూ ఆగి ఆలోచిస్తుంది. చేతిలో ఫోను లేక వేళ్లు జివ్వుమంటున్నాయి. ఒకచోట స్టేషన్ బయట ఎస్టీడీ బూతు పసుపు రంగు బోర్డు కనిపిస్తే, పిన్నికి ఒక్క ముక్క చెప్పి వస్తానని దిగి పరిగెత్తాను. బండి కదిలింది. కుర్రాడు తలుపు దగ్గర నిలబడి చెయ్యి అందించి లాగాడు.

"నిన్నొదిలేసి పోతే హాయిగా పని జరిగేది," అన్నాడు రొప్పుతూ.

రేపల్లెలో బస్సు మారాం. నిజాంపట్నం దగ్గరపడుతుంటే ముందు వాసన వచ్చింది, తర్వాత ఊరు వచ్చింది. ఎండబెట్టిన చేపల మధ్య నుంచి నడిచి సంఘం ఆఫీసుకి వెళ్లాం. ఫోన్లో మాట్లాడిన గుమస్తాగారే ఉన్నారు. నన్ను చూసి, "ఓ, ఫారమంతా చదివించిన అమ్మాయివి నువ్వేనా!" అని నవ్వి రిజిస్టరు తీసి ఇచ్చారు.

పేజీ తిప్పాను. ఇంకో పేజీ తిప్పాను. అన్ని గళ్లూ నిండుగా ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం పైనుంచి కిందిదాకా తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఇదేంటండి, ఖాళీగా ఉంది?"

"అది ఖాళీగానే ఉంటదమ్మా."

"ఎందుకండి?"

"ఫారం అచ్చేసినోళ్లు పెట్టారు. అది మేం అడిగే గడి కాదు."

"అడగరా? అడక్కపోతే రిజిస్టరెందుకండి మరి?"

ఆయన నవ్వు ఆపేశారు. "నాకూ తమ్ముడున్నాడమ్మా, వేటకెళ్తాడు," అన్నారు. రిజిస్టరు మూసి పక్కన పెట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. సోమవారం రివ్యూ, పది బోట్లు, ప్రతి గడీ. "పని చేయడం ఇష్టం లేదని చెప్పొచ్చుగా," అని ఆయనకి వినపడేలాగే అని, మా ఫారం పెట్టుకున్న అట్ట తీసుకుని రేవులోకి నడిచాను. రేపల్లె అమ్మాయి నా వెనక పరిగెత్తింది.

"వద్దే. ఆగవే. నే చెప్పేది విను. అట్టా అడక్కూడదే!"

నేను వినలేదు. గట్టు దగ్గర ఒక బోటు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఇంజను దడదడలాడుతోంది. మనుషులు తాళ్లు విప్పుతున్నారు. గట్టు నుంచి బోటు మీదికి వేసిన పలక మీద సరంగు ఒక కాలు పెట్టాడు. యాభై ఏళ్లుంటాయేమో, మెళ్లో ఎర్ర తువ్వాలు. నేను వెళ్లి ఆయన ముందు నిలబడి, పెన్ను తెరిచి, చక్కగా, గౌరవంగానే అడిగాను.

"బాబాయ్, మళ్లీ ఎప్పుడొస్తారు? తేదీ చెప్పండి."

ఇంజను ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలియదు. తాళ్లు విప్పే చేతులు అట్లాగే ఉండిపోయాయి. సరంగు నన్ను తిట్టలేదు. నా వంక చూడను కూడా చూడలేదు. పలక మీది కాలు తీసి మళ్లీ గట్టు మీద పెట్టాడు. వెనక్కి నాలుగడుగులు నడిచి వలల కుప్ప మీద కూర్చున్నాడు.

బోటు మీద నుంచి ఒకతను గట్టిగా అరిచాడు. "ఎవరమ్మా నువ్వు? కాలు బయటెట్టాక ఎప్పుడొస్తావని అడుగుద్దా ఎవరన్నా? బుద్దుందా?"

"అడిగితే ఏమైంది? ఆఫీసు ఫారంలో ఉంది!" నేనూ అరిచాను.

"ఫారాన్నే వేటకి పంపు అయితే! ఇప్పుడాయన నీళ్లు తాగి, కూచుని లేవాల. ఈలోగా పోటు పోద్ది. కాలువ మొగ దాటి సముద్రంలోకి పోలేం. మళ్లీ పోటొచ్చేదాకా ఇక్కడే. ఎనిమిది నాళ్లకని ఎక్కించిన ఐసు ఒక పూట ఇక్కడే కారిపోద్ది. నువ్విస్తావా ఐసు?"

కాలువలో నీళ్లు అప్పటికే వెనక్కి తీస్తున్నాయి. నేను పెన్నుకి మూత పెట్టాను. 

అప్పుడొచ్చింది రేపల్లె అమ్మాయి మేనత్త. ఒడ్డున చేపలు తిరగేస్తున్నదల్లా చేతులు కడుక్కుని చెంబుతో నీళ్లు తెచ్చింది. ముందు సరంగుకి ఇచ్చింది. "తాగన్నా. పట్నం పిల్ల, తెలవక అంది." తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమ్మా, మీ ఇంట్లో గడప దాటేవోళ్లని ఎక్కడికని అడుగుతారా?"

అడగరు. మా నాన్న క్యాంపుకి బయలుదేరుతుంటే ఎవరైనా 'ఎక్కడికి' అంటే, అమ్మ ఆయన్ని వెనక్కి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మళ్లీ పంపేది. హైదరాబాదులో, మూడో అంతస్తులో కూడా! మాకు ఎక్కడికి అనకూడదు, వీళ్లకి ఎప్పుడు అనకూడదు. అంతే తేడా. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన విషయమే. గడి కట్టి అచ్చువేసిన కాయితం కనపడగానే తెలిసింది కూడా మర్చిపోయాను.

సిగ్గేస్తే కొందరు తల దించుకుంటారు. నాకు ఇంకా కోపం వస్తుంది.

"మరి మీకెలా తెలుస్తుంది అత్తా? రాకపోతే ఆలస్యమైందని ఎలా తెలుస్తుంది? ఊరికే కూర్చుంటారా?"

"ఊరికెందుక్కూచుంటాం? ఐసు చూత్తాంగా."

"ఐసా?"

"ఎన్ని దిమ్మలెక్కితే అన్నాళ్లు. ఐసు అయిపోయాక సముద్రంలో ఎవుడుంటాడమ్మా, చేప కుళ్లబెట్టుకోటానికా? ఐసు బండి కాడే లెక్కెట్టుకుంటాం. ఆయన్ని అడగం, ఆయనా చెప్పడు. ఎనిమిది నాళ్ల ఐసనుకో, తొమ్మిదో నాటికి నేనిక్కడికొచ్చి నిలబడతా. పదోనాటికి మిగతా ఇళ్లకెళ్తా, మీవోళ్లకి కనపడ్డారా అని."

నా చేతిలో అట్ట ఉంది. అట్ట మీద తొమ్మిదో గడి ఉంది. నేను పన్నెండు నిమిషాల ఫోనులో కనుక్కున్న డిజైను మొత్తం, చెంబు పట్టుకున్న ఒక మనిషి ముందు నిలబడలేక కూలిపోయింది.

బయలుదేరే ముందు సరంగు దగ్గరికి వెళ్లి, తప్పయిపోయింది బాబాయ్ అన్నాను. ఆయన మొదటిసారి నా వంక చూశాడు.

"నువ్వు ముందిక్కణ్ణుంచి పో తల్లీ. ఇంకేదన్నా అడుగుతావ్."

తిరుగు బండిలో పెద్ద గొడవ. నేను కుర్రాడి రబ్బరు లాక్కుని చార్టు మీద తిరుగు తేదీ పెట్టె చెరపడం మొదలుపెట్టాను. వాడు చార్టు లాక్కున్నాడు.

"మొన్న దాని కింద రెండు గీతలు కొట్టిందెవరు? కీచుమని అరిపించిందెవరు? నేనా?"

"నేనే. తప్పు నాదే. అందుకే చెరుపుతున్నా."

"ఐసు పెట్టె కొత్తగా పెడదాం, సరే. ఇది కూడా ఉండనీ. తప్పనిసరి కాదని రాద్దాం. ఖాళీగా వదిలేస్తారు. సారుకీ కోపం రాదు, వాళ్లకీ రాదు."

వినడానికి ఎంత బావుందో చూడండి. నాకే ఒక నిమిషం నిజమనిపించింది. అప్పుడు రేపల్లె అమ్మాయి మింగింది. ఈసారి నేను నోరు మూసుకున్నాను.

"ఆ తుఫానప్పుడు మా అమ్మకి తెలుసు, నాన్నకి ఐసు అయిపోయిందని. తొమ్మిదోనాడే ఆఫీసుకెళ్లి చెప్పింది, మా ఆయన రాలేదని. 'ఎప్పుడొస్తానన్నాడు?' అనడిగారు. చెప్పలేదంది. 'చెప్పకపోతే ఆలస్యమైందని ఎట్టంటావమ్మా' అన్నారు. ఆ పెట్టె ఖాళీగా ఉందని చూపించారు. నాలుగు రోజులూ ఆ ఖాళీ పెట్టే చూపించారు."

బండి ఏదో స్టేషన్లో ఆగింది. పసుపు బోర్డు కనిపించింది. నేను దిగలేదు.

ఆదివారమంతా పిన్ని ఇంటి ఫోను వేడెక్కింది. హాస్టల్లో ఫోను పెట్టె తాళం తీయించి, రివ్యూ ఉందని ఆ వారం ఇంటి దగ్గర ఆగకుండా వచ్చేసిన రేపల్లె అమ్మాయిని పిలిపించుకున్నాను. ఏ సైజు బోటుకి రోజుకి ఎన్ని దిమ్మలు, ఎండాకాలం ఎన్ని, వానాకాలం ఎన్ని, ఆమె చెబుతూంటే రాసుకున్నాను. కుర్రాడు సణుగుతూనే కొత్త చార్టు గీశాడు. పడవ, సరంగు, ప్రయాణం, ఐసు. దిమ్మల సంఖ్యని బట్టి రోజులు కంప్యూటరే కట్టుకుంటుంది. రోజులు దాటితే పడవ జాబితాకెక్కుతుంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఐసు బండి దగ్గర నిలబడి లెక్కపెట్టుకుంటే చాలు.

సోమవారం మధ్యాహ్నం, క్లాసంతా ఉండగా రివ్యూ. సారు చార్టు చూసి కళ్లజోడు పైకి నెట్టారు.

"ఐసు దిమ్మలేంటమ్మా? ఇది సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టా, ఐస్‌ఫ్రూట్ బండా?"

క్లాసు నవ్వింది. నేను చెప్పాను. రేవు సంగతి, నేను చేసిన పని కూడా దాచకుండా చెప్పాను. సారు మంచి ప్రశ్నలే వేశారు. ఐసు ముందే కరిగితే? చేప త్వరగా పడి ముందే తిరిగొస్తే? వాటికి రేపల్లె అమ్మాయి నిదానంగా జవాబులు చెప్పింది. సారు తల ఊపారు.

"సరే, ఐసు ఉండనీ. తిరుగు తేదీ కూడా పెట్టండి. రేపు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చి ఇది లేదేంటంటే నేనేం చెప్పను? నింపకపోతే ఖాళీగా ఉంటుంది, అంతేగా."

"పెడతాం సార్," అన్నాడు కుర్రాడు.

"పెట్టం సార్," అన్నాను నేను.

"ఎందుకు పెట్టవు?"

"సార్, మీరు గేటు దగ్గర స్కూటరు స్టార్ట్ చేస్తుంటే ఎవరైనా ఎక్కడికి సార్ అంటే, స్టాండు వేసి స్టాఫ్ రూముకి వచ్చి నీళ్లు తాగి వెళ్తారు. మేం చూశాం సార్."

చూడని వాళ్లు క్లాసులో లేరు. వెనక బెంచీ పగలబడి నవ్వింది. సారు మొహం ఎర్రబడింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆ ఒక్కటే ఒప్పుకుంటాను.

"అది సెంటిమెంటు. కంప్యూటరుకి సెంటిమెంట్లుండవు."

రేపల్లె అమ్మాయి లేచి నిలబడింది. మింగలేదు.

"కంప్యూటరుకి ఉండవు సార్. దాని ముందు కూర్చునే ఆయనకి ఉంటాయి. ఆయన తమ్ముడు వేటకెళ్తాడు. ఇప్పుడాయన ఖాళీగా వదులుతున్నాడు. రేపింకో గుమస్తా వస్తాడు. ఖాళీ ఎందుకుందని పైవాళ్లు అడుగుతారు. అప్పుడతను పెన్ను పట్టుకుని రేవుకెళ్లి, కాలు పలక మీద పెట్టినోళ్లని ఆపి అడుగుతాడు. ఇది అడిగినట్టే." నా వైపు వేలు చూపించింది. "ఎవరన్నా రాకపోతే మళ్లీ ఆ ఖాళీనే ఇంట్లోవాళ్లకి చూపిస్తారు. ఆ పెట్టె ఉండేట్టయితే నాకీ ప్రాజెక్టొద్దు సార్. లైబ్రరీయే ఇచ్చెయ్యండి."

లైబ్రరీ!  అయినా లేచి ఆమె పక్కన నిలబడ్డాను. కుర్రాడు కూర్చునే ఉన్నాడు. కాసేపటికి, నేను మోచెయ్యి పట్టి లాగితే, వాడూ నిలబడ్డాడు. ఈ లాగడం సంగతి ఫోన్లో ఎప్పుడూ చెప్పడు.

సారు చార్టు దగ్గరికి లాక్కున్నారు. తర్వాత ఎర్ర పెన్ను తీశారు. చార్టు మీద, సరిగ్గా ఆ పెట్టె ఉండాల్సిన చోట, 'తిరుగు తేదీ లేదు, లోపం' అని రాశారు. మార్కులు తగ్గించారు. ఆ తర్వాత నీలం పెన్ను తీసి, దాని కిందే సంతకం పెట్టారు.

సంతకం వచ్చింది. టాపిక్ మాదే అయింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే రేపల్లె అమ్మాయి, "ఇంక టైపింగు నువ్వు చెయ్యి," అంది. చేశాను.

ఆ చార్టు ఇప్పుడు నా దగ్గరే ఉంది, ట్రంకు పెట్టెలో అడుగున. ఎర్ర అక్షరాలు వెలిసిపోతున్నాయి. తెనాలి కుర్రాడు వచ్చే ఆదివారం మళ్లీ ఫోను చేస్తాడు, మళ్లీ అదే అంటాడు, నేను మళ్లీ విసిరికొడతాను. మీరూ వాడి వైపేనా? ఒక్క ఖాళీ పెట్టె ఉంటే ఏం పోయిందనే అంటారా? అయితే ఒక పని చేయండి. పోటు మీదుండగా రేవుకెళ్లి, పలక మీద ఒక కాలు పెట్టిన మనిషికి ఎదురుగా నిలబడి, పెన్ను తెరిచి ఆ మాట అడగండి. అడిగొచ్చి, అప్పుడు చెప్పండి, లోపం ఎక్కడుందో. అడగగలరా?